సి ల్యాబ్‌లో తప్పు జవాబు వస్తే బ్రాంచ్ మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం. సి ల్యాబ్‌లో ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం) ప్రోగ్రాం రాసింది. 12 వరకు సరిగ్గా వస్తోంది, 13కి మాత్రం 6227020800 రావాల్సింది 1932053504 వస్తోందట. వేరియబుల్ లాంగ్ లాంగే (పెద్ద సంఖ్యలు పట్టే రకం) పెట్టానంటోంది. నాకు కోడింగ్ రాదని రెండు రోజులుగా ఒకటే ఏడుపు. అమీర్‌పేటలో పైథాన్ కోర్సులో చేర్పించాలా, బ్రాంచ్ మార్పించాలా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, రెండూ వద్దు. మీ అమ్మాయి లెక్క తప్పలేదు. కంప్యూటర్ లోపల 6227020800 భద్రంగానే ఉంది, తప్పంతా దాన్ని చూపించే ప్రింట్ఎఫ్ లైన్‌లో ఉంది. అక్కడ పర్సెంట్ డి (%d), అంటే ఏ రకం సంఖ్యను అచ్చు వేయాలో చెప్పే గుర్తు, రాసి ఉంటుంది. లాంగ్ లాంగ్‌కి 64 బిట్లు. పర్సెంట్ డి మామూలు పూర్ణాంక రకమైన ఇంట్‌కి, అంటే మన కంప్యూటర్లలో 32 బిట్లకే. మిగతా సగం చూడకుండానే అచ్చు వేసేసింది. పర్సెంట్ ఎల్ఎల్‌డి (%lld) అని మారిస్తే సరిపోతుంది.

ప్రింట్ఎఫ్‌కి మనం ఏ రకం విలువ ఇచ్చామో తెలియదు, మనం రాసిన గుర్తునే నమ్ముతుంది. మార్కుల సగటు దశాంశాల్లో ఉంటే, దానికి పర్సెంట్ డి పెట్టినా ఇంతే, సంబంధం లేని అంకె ఏదో వస్తుంది. విలువలు చదివే స్కాన్ఎఫ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి: డబుల్ (దశాంశ సంఖ్యల రకం) చదవడానికి పర్సెంట్ ఎల్ఎఫ్ (%lf) తప్పనిసరి. ప్రింట్ఎఫ్‌లో ఉత్త పర్సెంట్ ఎఫ్ చాలు కదా అని పిల్లలు ఇక్కడే పొరబడతారు.

నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. చాలామంది 5 ఇచ్చి, 120 రాగానే రికార్డు రాసేస్తారు. ఈ అమ్మాయి 13 దాకా వెళ్లి చూసింది. ఆ ఓపిక ఉన్న పిల్లని సీఎస్‌ఈ నుంచి తప్పించకండి.

పైథాన్ తర్వాత నేర్చుకోవచ్చు, సి నుంచి పారిపోవడానికి మాత్రం వద్దు. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో సి ఉంది. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలున్నాయి, ఎంబెడెడ్ పనికి, అంటే పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాంలు రాయడానికి, సి కావాల్సిందే.

ఇకనుంచి సి కంపైలర్ జీసీసీతో కంపైల్ చేసేటప్పుడు మైనస్ డబ్ల్యూ ఆల్ (-Wall) అని జోడించమనండి. ఇలాంటి తేడాలను లైన్ నంబర్‌తో సహా వార్నింగ్‌గా చూపిస్తుంది. ప్రోగ్రాం నడిచింది కదా అని వార్నింగ్ వదిలేయకూడదు.

ఈ రాత్రి మాత్రం జవాబు మీరే చెప్పేయకండి. 6227020800 నుంచి 1932053504 తీసేయమనండి. 4294967296 వస్తుంది. అది 2ని 32 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య. అక్కడి నుంచి తనే పట్టుకుంటుంది.