పాత టన్నెల్ హల్ ఫోటో ఏ కాలానిదో ఇలా చూడండి

ఫార్ములా వన్ పవర్‌బోట్ ఛాంపియన్‌షిప్ 1981లో మొదలైంది కాబట్టి మీ ఫోటోలోని టన్నెల్ హల్ బోటు (అడుగున సొరంగం లాంటి ఖాళీ ఉండే రేసు బోటు) ఆ తర్వాతిదే అయ్యుండాలన్నారు కదండీ. అక్కర్లేదు. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ఆంజెలో మొలినారి 1960లలోనే వీటిని కట్టేవారు. 1981 టైటిల్ గెలిచింది ఆయన కొడుకు రెనాటోయే!

రెండు పక్కలా స్పాన్సన్లు, అంటే నీటిపై ఆనే పొడవాటి భాగాలు, మధ్యలో గాలి దూరే సొరంగం. ఆ గాలే బోటును పైకెత్తుతుంది, నీటి ఒరిపిడి తగ్గి వేగం పెరుగుతుంది. ముక్కు మరీ లేచిందా, వెనక్కి తిరగబడటమే.

అలా తిరగబడితే డ్రైవర్ని కాపాడటానికే తర్వాత సేఫ్టీ సెల్, అంటే చుట్టూ గట్టి రక్షణ గూడు, వచ్చింది. అందుకే ముందు డ్రైవర్ని చూడండి. తల, భుజాలు బయటికి కనిపిస్తూ, చుట్టూ సేఫ్టీ సెల్ లేకపోతే చాలావరకు 1980ల మధ్యకి ముందుదే. పైన మూత ఉన్న కాక్‌పిట్ అయితే బాగా తర్వాతిది. 2018లో విజయవాడ దగ్గర కృష్ణలో పరుగెత్తినవి ఆ రకమే. రంగును బట్టి మాత్రం తేల్చకండి, పాత బోట్లకి మళ్లీ పెయింట్ వేయడం మామూలే.