అమెరికా నుంచి తెచ్చుకున్న ఒక్క ట్యాపు కెగరేటర్‌ను మూడు పానీయాలకు మార్చడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో వాడిన ఒక్క ట్యాపు కెగరేటర్ (పీపాలోని పానీయాన్ని చల్లబరిచి ట్యాపులోంచి పట్టే ఫ్రిజ్) సామానుతో పాటు నెల్లూరు చేరింది, దాన్నే మార్చి బీరు, మామూలు సోడా, అల్లం సోడా మూడూ పట్టుకోవాలి, మూడు ట్యాపుల టవర్ (ట్యాపులు బిగించే స్తంభం) కొని పైన బిగిస్తే సరిపోతుందా అని.

సరిపోదన్నా. టవర్ అన్నిటికన్నా ఆఖర్న ఆలోచించాల్సింది, నన్నడిగితే అసలు కొనాల్సిన పనే లేదు. ఇంటికొచ్చినవాళ్లకు కనిపించేది ట్యాపే కాబట్టి అందరూ డబ్బంతా దానిమీదే పోస్తారు. పానీయం బాగా రావడానికి కావాల్సినవి రెండు: దేనికి తగ్గ ప్రెషర్ దానికి, ట్యాపు మూతిదాకా చల్లదనం. ఈ రెండూ కుదరకపోతే మూడు ట్యాపుల్లోంచీ నురగే వస్తుంది.

ముందు బీరు సంగతి తేల్చేద్దాం. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఆంధ్రలో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు. కాబట్టి నెల్లూరులో మూడో ట్యాపు సుగంధి సోడాకి పెట్టుకోండి. బీరు లెక్కలు కూడా చెప్తాను, అక్కడే ఉన్న మీవాళ్లకు పనికొస్తాయి, అమరిక మాత్రం ఒకటే.

రెండోది, ఆ ఫ్రిజ్ పెట్టెని నమ్ముకోవద్దు. అది 115 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసిన కంప్రెసర్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ దిగుతుంది గానీ హెర్ట్జ్ మారదు. మన 50 హెర్ట్జ్‌కి మోటారు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతుంది, మే నెలలో చేతులెత్తేస్తుంది. అందులోంచి ట్యాపు, షాంక్ (ట్యాపు వెనక తలుపులోంచి దూరే గొట్టం), రెగ్యులేటరు (గ్యాస్ ప్రెషర్ సర్దేది), కెగ్గులు (పానీయం పోసే స్టీలు పీపాలు) పీకి ఇక్కడ కొన్న ఫ్రిజ్‌లోకి మార్చండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కూడా ఇక్కడిదే కొనాలి. మన దేశంలో అనుమతి ముద్ర లేని సిలిండరుకి గ్యాస్ పట్టకూడదు, పట్టేవాడు దొరికినా పట్టించుకోవద్దు. అమెరికా రెగ్యులేటరుకు ఉండే సీజీఏ-320 మర ఇక్కడి వాల్వుకి కూర్చోకపోవచ్చు. రెగ్యులేటరు చేత్తో పట్టుకుని గ్యాస్ డీలరు దగ్గరికి వెళ్లి, బిగించి చూసి, కావాలంటే అడాప్టరు తీసుకోండి. గ్యాస్ మాత్రం ఫుడ్ గ్రేడ్ కావాలని గట్టిగా అడగాలి. వెల్డింగు షాపువాళ్లు "అంతా ఒకటే సార్" అంటారు. ఒకటి కాదు.

ఇక అసలు విషయం. 3 డిగ్రీల చల్లదనంలో మామూలు బీరుకి 12 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చాలు. అల్లం సోడా, సుగంధి లాంటివాటికి 20 కావాలి. గొంతులో జివ్వుమనే ఉత్త సోడా కావాలంటే 30. మూడింటినీ 12 మీద పెడితే వారం తిరిగేసరికి సోడా చప్పబడిపోతుంది. మూడింటినీ 30 మీద పెడితే బీరు గ్లాసులో పావు వంతు కూడా నిలవదు, అంతా పొంగే. పానీయం తన పైనున్న ప్రెషర్‌కి తగ్గట్టు గ్యాస్ పీల్చుకుంటుంది, లేదా వదిలేస్తుంది. మనం ఎంత బతిమాలినా వినదు.

ఒంగోలులో ఒక గృహప్రవేశంలో జరిగింది చెప్తే ఇది బాగా బుర్రకెక్కుతుంది. ఇంటాయన సరదాగా మూడు కెగ్గులు పెట్టించాడు: ఉత్త సోడా, అల్లం, సుగంధి. బిగించినతను ఒక్క రెగ్యులేటరు నుంచి టీ జాయింట్లు వేసి మూడింటికీ పైపులు లాగేశాడు, మధ్యలో వాల్వు అన్నది లేదు. ముందురోజు అల్లం కెగ్గుని అంచుదాకా నింపి, 30 మీద గ్యాస్ పట్టించి, పైపు ఊడదీసి పక్కన పెట్టారు. పొద్దున సోడా పొంగుతోందని రెగ్యులేటరుని 10కి దించారు. పంతులుగారు హోమం ముగించే వేళకి అల్లం కెగ్గు తెచ్చి మళ్లీ తగిలించారు. లోపల 30 ఉంది, బయట పైపులో 10 ఉంది, కెగ్గులో గ్యాస్ వెళ్లే పొట్టి గొట్టం అల్లం నీళ్లలో మునిగి ఉంది. ఇంకేముంది, అల్లం పానకం గ్యాస్ పైపులోకి ఎదురెక్కి, టీ జాయింటు దాటి సోడా కెగ్గులోకి దిగింది. సోడా ట్యాపు తిప్పితే పసుప్పచ్చటి తీపి నీళ్లు! పెద్దాయనొకరు మందు కలిపారేమోనని గ్లాసు కింద పెట్టేశాడు. అంతటితో పోలేదు, పానకం రెగ్యులేటరు లోపలికీ పాకింది. చక్కెర ఎండి డయాఫ్రం (ప్రెషర్‌కి కదిలే పల్చటి పొర) దగ్గర బంకలా పట్టేసింది, తర్వాత ముల్లు 10 దగ్గర పెడితే అదే మెల్లగా 20కి పాకేది. అలాంటి రెగ్యులేటరుని విప్పి కడగాలి, లేదా పారేయాలి.

అందులో తప్పులు మూడున్నాయి. కెగ్గుని గ్యాస్ గొట్టం కిందిదాకానే నింపాలి, 19 లీటర్ల కెగ్గులో 18 చాలు. రెగ్యులేటరు తగ్గించినంత మాత్రాన కెగ్గులో ప్రెషర్ తగ్గదు, మూత మీది రిలీఫ్ వాల్వు లాగి ఊదేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి కెగ్గు పైపుకీ చెక్ వాల్వు (ఒక్క వైపే పోనిచ్చి వెనక్కి రానివ్వనిది) ఉండాలి. మేనిఫోల్డ్ అని అమ్ముతారు, ఒక దారి లోపలికి, మూడు దారులు బయటికి, ఒక్కోదానికి చిన్న పిడి, లోపల చెక్ వాల్వు. కొనేటప్పుడు అవుట్‌లెట్‌లో నోటితో ఊది చూడండి. గాలి వెనక్కి పోతే అది వట్టి కాక్ మాత్రమే.

ప్రెషర్లు వేరు కావాలంటే మేనిఫోల్డ్ ఒక్కటే చాలదు, సెకండరీ రెగ్యులేటర్లు కావాలి. సిలిండరు మీది పెద్ద రెగ్యులేటరుని 35 మీద పెట్టి, అక్కణ్ణుంచి ఒక్కో పానీయానికి ఒక్కో చిన్న రెగ్యులేటరుతో 30కి, 20కి, 12కి దించుతారు. దించడమే కుదురుతుంది, పెంచడం కుదరదు, అందుకే మొదటిది అన్నిటికన్నా పైన ఉండాలి. డబ్బు తక్కువుంటే రెండు ప్రెషర్లతో సర్దుకోండి: ఉత్త సోడాకి ఒకటి, తీపి సోడాలు రెండిటికీ కలిపి ఒకటి. ఇవి రెండూ 20 మీద హాయిగా బతుకుతాయి.

పైపుల దగ్గర అందరూ కక్కుర్తి పడతారు. కెగ్గు లోపలి ప్రెషర్ ట్యాపు చేరేలోపు పైపు రాపిడికి మెల్లగా కరిగిపోవాలి, ఒక్కసారిగా పడిపోతే గ్యాస్ విడిపోయి నురగవుతుంది. లోపలి బెజ్జం 5 మి.మీ. ఉన్న పైపు 12 పీఎస్‌ఐ బీరుకి 3 మీటర్లు, 20కి సుమారు 5, 30 మీదున్న సోడాకి 7 నుంచి 8 మీటర్లు పెట్టాలి. చుట్టలా చుట్టి కెగ్గు మీద పడేస్తే సరి. ముందు పొడుగ్గానే పెట్టి, ధార మరీ సన్నగా వస్తే జానెడు జానెడు కత్తిరించుకుంటూ రండి. అంత పైపుకి చోటు లేకపోతే ఆ ఒక్క సోడాకి ఫ్లో కంట్రోల్ ట్యాపు (ధార వేగం తగ్గించుకునేది) పెట్టండి. నురగ వస్తోందని ప్రెషర్ తగ్గించే వైద్యం మాత్రం చేయొద్దు. ఆ పూటకి తగ్గినట్టుంటుంది, నాలుగు రోజులకి పైపులోనే బుడగలు కట్టి ఇంకా పొంగుతుంది, పైగా పానీయం చప్పబడుతుంది.

పైపు ఫుడ్ గ్రేడ్‌ది కొనండి. రొయ్యల చెరువుల ఏరేటర్ సామాన్లు అమ్మే షాపుల్లో కనిపించే తెల్లటి గొట్టం చౌకే, పానీయానికి పెడితే ప్లాస్టిక్ కంపు కొడుతుంది. గ్యాస్ వైపు మాత్రం కంప్రెసర్లకు వాడే 8 మి.మీ. పీయూ పైపు, పుష్ ఫిట్టింగులు బాగానే పనిచేస్తాయి, మన హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతాయి.

టవర్ ఎందుకొద్దన్నానంటే, యూట్యూబ్‌లో చూపించేవన్నీ చలిదేశపు గ్యారేజీలు. మన దగ్గర ఏప్రిల్‌లో ఫ్రిజ్ పైన నిలబెట్టిన స్టీలు స్తంభం పొయ్యి మీద గిన్నెలా ఉంటుంది. అందులో నిలబడ్డ పానీయం వేడెక్కి మొదటి గ్లాసు మొత్తం నురగే వస్తుంది, మూడు ట్యాపులుంటే మూడు గ్లాసులు వృథా. ఫ్రిజ్ తలుపుకే ట్యాపులు బిగించండి. షాంకు వెనక భాగం చల్లటి గాలిలోనే ఉంటుంది, పైపు మొత్తం లోపలే. పైగా తలుపులో గ్యాస్ గొట్టాలుండవు. పక్క గోడల్లో ఉంటాయి, ఫ్రిజ్ నడిచేటప్పుడు చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అవే. "ఏం కాదు సార్" అని పక్కగోడకి డ్రిల్లు పెట్టే మెకానిక్‌ని గుమ్మంలోంచే పంపేయండి. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్‌-600ఏ, అంటే ఐసోబ్యూటేన్ ఉంటుంది, వంటగ్యాస్ జాతిదే, నిప్పురవ్వ చాలు.

షాంకుకి 25 మి.మీ. హోల్ సా వాడండి. బయట రేకు మీద మాస్కింగ్ టేపు అంటించి సన్నటి బిట్టుతో దారి చేసుకుని, రేకుని బయటినుంచి, లోపలి ప్లాస్టిక్‌ని లోపలినుంచి కోయాలి. ఒకే వైపునుంచి తోస్తే ప్లాస్టిక్ చీలుతుంది. తలుపుకి డిస్‌ప్లే ఉంటే వైర్లు ఎటు పోతున్నాయో ముందు చూసుకోండి. లేదు, గ్రానైట్ బార్ కౌంటర్ మీద టవరే కావాలంటే, చీమకుర్తి రాయి కోసేవాళ్లు కోర్ బిట్టుతో నీటుగా బెజ్జం చేసిపెడతారు. అప్పుడు ఫ్రిజ్ లోపలి నుంచి టవర్లోకి చిన్న 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్‌తో చల్లగాలి తోయక తప్పదు.

కెగ్గులు పడతాయో లేదో ఫ్రిజ్ కొనకముందే చూడాలి. 19 లీటర్ల కెగ్గు అడ్డం 21.5 సెం.మీ., ఎత్తు 63, పైన కనెక్టర్లతో కలిపి 70 దాకా వస్తుంది. అట్టముక్కలు 22 సెం.మీ. గుండ్రంగా కోసి షాపుకే తీసుకెళ్లి అడుగున పరిచి చూడండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో రెండు పక్కపక్కన ఇరుకుగా పడతాయి, మూడోది వెనక కంప్రెసర్ గడ్డ మీద 9 లీటర్ల చిన్నది అయితేనే. పైన ఫ్రీజర్ డబ్బా ఎత్తుకి అడ్డం రావచ్చు. దాన్ని వంచి కిందికి దించుతానని ఎవరైనా అంటే వద్దనండి, గొట్టం విరిగితే ఫ్రిజ్ పోయినట్టే.

మూడూ పెద్దవే కావాలంటే ఐస్‌క్రీం షాపులవాళ్లు తీసేసే డీప్ ఫ్రీజరు మేలు. దాని గోడల నిండా గొట్టాలే, బెజ్జం పెట్టడానికి లేదు. మూతకీ పెట్టెకీ మధ్య 15 సెం.మీ. ఎత్తు చెక్క చట్రం చేయించి, సిలికాన్‌తో అతికించి, ట్యాపులు ఆ చెక్కకి బిగించాలి. ఎస్‌టీసీ-1000 లాంటి థర్మోస్టాట్ పెట్టి 3 డిగ్రీలు, తేడా 1 డిగ్రీ, కంప్రెసర్ ఆలస్యం 5 నిమిషాలు సెట్ చేయండి. దాని ప్రోబుని గాలిలో వేలాడదీయకుండా కెగ్గుకి ఆనించి పైన థర్మోకోల్ ముక్క పెట్టి టేపు వేయాలి. రొయ్యల ప్యాకింగ్ పెట్టెల థర్మోకోల్ దీనికి బహు బాగుంటుంది. అడుగున చిన్న ఫ్యాన్ తిరగాలి, లేకపోతే కింద గడ్డకట్టి పైన చెక్క దగ్గర గోరువెచ్చగా ఉంటుంది. మన సముద్రపు తేమకి అడుగున నీళ్లు చేరతాయి, వారానికోసారి తుడవాల్సిందే. ట్యాపులు 304 స్టీలువే కొనండి, క్రోమ్ పూత ఇత్తడివి ఈ ఉప్పుగాలికి త్వరగా పెచ్చులూడతాయి.

లీకు చూడకుండా రాత్రి పడుకోవద్దు. ఖాళీ కెగ్గులకి 30 ఎక్కించి, సిలిండరు వాల్వు కట్టేసి, ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాసి, తెల్లారి ముల్లు చూడండి. నిండు కెగ్గులతో ఈ పరీక్ష పనికిరాదు, పానీయం గ్యాస్ పీల్చుకున్నా ముల్లు దిగుతుంది, లేని లీకు కోసం రోజంతా వెతుక్కుంటారు. సిలిండరులో గ్యాస్ ఎంతుందో పై గేజి చెప్పదు, లోపల ద్రవం ఉన్నంతసేపూ అదే అంకె చూపిస్తుంది. తూకం వేయడమొక్కటే దారి. సిలిండరు ఎప్పుడూ నిలువుగా, గొలుసుతో కట్టి, ఎండ తగలని చోట ఉండాలి. 5 కిలోల సిలిండరు మొత్తం లీకైతే సుమారు 2,700 లీటర్ల కార్బన్ డయాక్సైడ్. పదడుగుల చదరపు గది తలుపులు మూసి ఉంటే అందులో గాలిలో పదో వంతు అదే అవుతుంది, మనిషి స్పృహ తప్పడానికి అంత చాలు. అందుకే ఇలాంటిది ఏసీ బెడ్‌రూంలో పెట్టొద్దు. వెనక వరండాలో నీడన సిలిండరు, ఫ్రిజ్ తలుపు సందులోంచి కాకుండా ఆ తలుపుకే చిన్న బెజ్జం చేసి లోపలికి పైపు, అలా చేయండి.

అల్లం పోసిన పైపులో ఇంకేదీ పోయొద్దు, ఆ వాసన పైపుకీ ఓ-రింగులకీ (జాయింట్లలోని రబ్బరు రింగులు) పట్టేస్తే వదలదు. అల్లం రసం పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, పిప్పి ట్యూబులో ఇరుక్కుంటే ధార ఆగిపోతుంది. రెండు వారాలకోసారి 2 శాతం కాస్టిక్ లైన్ క్లీనరు పైపులోకి నింపి పావుగంట ఉంచి, చేతికి జారుడు పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. గ్లౌజులు వేసుకోండి. వంటసోడాతో కడిగితే చాలనేది ఉత్తమాట. ట్యాపులు ముందు భాగంలో మూసుకునే రకం కొంటే తీపి లోపల ఎండి బిగుసుకుపోదు. ట్రేలో చుక్క సుగంధి మిగిలినా తెల్లారేసరికి గోడ పొడుగునా చీమల బారు, అది ఏ రకం ట్యాపు కొన్నా తప్పదు. ట్రే తీసి రాత్రికి రాత్రే కడిగేయడమే.

కరెంటు పోయి రెండు రోజులు ఫ్రిజ్ వేడెక్కితే తీపి కెగ్గుల రిలీఫ్ వాల్వు లాగి చూడండి. పులుపు వాసన వస్తే అది పులుస్తున్నట్టే, పారబోయండి. రోజ్‌మిల్క్ కూడా పెట్టొచ్చా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. పాలు ఏవీ వద్దు, పైపులో పెరుగు తోడుకుంటే ఆ పైపు కోసి పారేయడమే.