కమ్యూనిటీ కాలేజీ ఆనర్ సొసైటీ నుంచి ఆహ్వానం వచ్చింది: డబ్బు కట్టి చేరాలా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీలో) చేరాడు. మొదటి సెమిస్టర్‌లో జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.8 వచ్చింది. రెండేళ్లయ్యాక టెక్సస్‌లోనే ఏదైనా ప్రభుత్వ యూనివర్సిటీకి మారి కంప్యూటర్ సైన్స్ చదవాలని వాడి ఆలోచన. ఈమధ్య ‘ఫై థీటా కాప్పా’ అనే ఆనర్ సొసైటీలో, అంటే మంచి గ్రేడ్లున్న విద్యార్థుల సంఘంలో, చేరమని వాడికి ఈమెయిల్ వచ్చింది. 85 డాలర్లు కట్టాలట. ఇది నిజంగా గౌరవమేనా, లేక డబ్బు గుంజే వ్యవహారమా? వాడు చేరతానంటున్నాడు, నాకేమో నమ్మకం కుదరడం లేదు.

జవాబు: సంస్థ నిజమైనదేనండీ, ఆ భయం అక్కర్లేదు. ఫై థీటా కాప్పా 1918లో మిస్సోరీ రాష్ట్రంలో మొదలైంది. అమెరికాలో రెండేళ్ల కాలేజీల సంఘం 1929లో దాన్ని తమ అధికారిక ఆనర్ సొసైటీగా గుర్తించింది. ముఖ్య కార్యాలయం మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో ఉంది. అసోసియేట్ డిగ్రీకి (రెండేళ్ల డిగ్రీకి) లెక్కలోకి వచ్చే కోర్సుల్లో సాధారణంగా 12 క్రెడిట్ అవర్లు (కోర్సుల పరిమాణాన్ని లెక్కించే యూనిట్లు) పూర్తి చేసి, 3.5 జీపీఏ ఉన్నవాళ్లను పిలుస్తారు. మీ అబ్బాయి మొదటి సెమిస్టర్ ఇప్పుడే ముగిసింది కాబట్టి ఆహ్వానం రావాల్సిన సమయానికే వచ్చింది. ఫీజు ఏటా కట్టేది కాదు, ఒక్కసారే. అందులో కేంద్ర సంస్థ వాటా ఒకటి ఉంటుంది, దానిపైన ప్రాంతీయ శాఖ, కాలేజీ చాప్టర్ (ఆ కాలేజీలోని శాఖ) కొంత కలుపుతాయి. అందుకే ఒక కాలేజీలో 60 డాలర్లు ఉంటే పక్క కాలేజీలో 90 కనిపిస్తుంది.

అయితే దాదాపు ఇదే తీరు పేర్లతో ఫీజులు వసూలు చేసే వెబ్‌సైట్లూ ఉన్నాయి. వాటికి ఏ కాలేజీతోనూ సంబంధం ఉండదు. ఏటా కార్డు నుంచి డబ్బు తీసుకునేవి కూడా ఉన్నాయి. కాబట్టి డబ్బు కట్టేముందు మీ అబ్బాయిని ఒక పని చేయమనండి. ఈమెయిల్‌లో ఉన్న లింకు నొక్కకుండా, కాలేజీ సొంత వెబ్‌సైట్‌లో విద్యార్థి సంఘాల పేజీ తెరవమనండి. అక్కడ ఆ చాప్టర్ పేరు, దాన్ని చూసుకునే అధ్యాపకుడి పేరు ఉండాలి. ఆ అధ్యాపకుడికి కాలేజీ ఈమెయిల్ నుంచే రెండు ముక్కలు రాసి ‘ఈ ఆహ్వానం మీరు పంపిందేనా?’ అని అడిగితే సరిపోతుంది. పది నిమిషాల పని.

ఇక అసలు విషయం. సభ్యత్వం దానంతట అది ఏమీ చేయదు. జీపీఏ బాగుందని ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే గ్రేడ్ల పత్రం) ఎలాగూ చెబుతోంది, సర్టిఫికెట్ అదే మాటను ఇంకోసారి చెబుతుంది. వీసాకు గానీ, చదువయ్యాక కొంతకాలం పని చేయనిచ్చే ఓపీటీకి గానీ, హెచ్-1బీకి గానీ దీనితో పని లేదు. ఉద్యోగాల్లో కూడా నాలుగేళ్ల డిగ్రీ చేతికొచ్చాక కమ్యూనిటీ కాలేజీ నాటి సభ్యత్వాన్ని ఎవరూ పట్టించుకోరు. మరి ఎందుకు కట్టాలి అంటే, దాన్ని చూపిస్తే యూనివర్సిటీ డబ్బిచ్చే చోట కట్టాలి. ఇందులో గౌరవం, పరువు అన్న ఆలోచన పక్కన పెట్టండి. మీ అబ్బాయి వెళ్లాలనుకుంటున్న మూడు నాలుగు యూనివర్సిటీల పేర్లు రాసుకుని, ఒక్కొక్కదాని స్కాలర్‌షిప్ పేజీలో ‘ట్రాన్స్‌ఫర్’ (వేరే కాలేజీ నుంచి మారేవాళ్ల) విభాగం తెరిచి, అక్కడ ఫై థీటా కాప్పా పేరు ఉందో లేదో చూడమనండి. అమెరికాలో వందల యూనివర్సిటీలు ఈ సభ్యులకంటూ ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాయి. కొన్ని 500 డాలర్లతో సరిపెడతాయి, కొన్ని ఏడాదికి వేలల్లో ఇస్తాయి.

టెక్సస్‌లో చదివే విదేశీ విద్యార్థికి ఇక్కడ మరో పెద్ద లాభం దాగి ఉంది. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. ఎఫ్-1 మీద ఉన్న పిల్లలు టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలో బయటి రాష్ట్రం వాళ్ల ఫీజే కట్టాలి. స్థానికుల ఫీజుకూ దానికీ ఏడాదికి పదివేల డాలర్లు దాటే తేడా ఉంటుంది. కానీ అక్కడి రాష్ట్ర చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కమిటీ ఒక విద్యా సంవత్సరానికి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తే, దాన్ని టెక్సస్ విద్యార్థులతో పోటీపడి గెలిచి ఉంటే, ఆ విద్యార్థికి స్థానికుల ఫీజే వర్తింపజేయవచ్చు. అంటే వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ విలువ నిజానికి పదకొండు వేలు దాటవచ్చు.

ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి, జాగ్రత్తగా చదవండి. మొదటిది, స్కాలర్‌షిప్ ఆ యూనివర్సిటీ ఇచ్చిందై ఉండాలి. ఫై థీటా కాప్పా కేంద్ర సంస్థ ఇచ్చినా, మన తెలుగు సంఘం ఏదైనా ఇచ్చినా ఈ వెసులుబాటు రాదు. రెండోది, ‘సభ్యులైతే చాలు, అందరికీ ఇస్తాం’ అనే స్కాలర్‌షిప్‌లో పోటీ లేదు కాబట్టి దానికి ఇది వర్తించకపోవచ్చు. మూడోది, ఇలా ఇవ్వగలిగే సంఖ్యకు పరిమితి ఉంది. యూనివర్సిటీ మొత్తం విద్యార్థుల్లో 5 శాతానికి మించకూడదు. అర్హత ఉన్నంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు. నాలుగోది, స్కాలర్‌షిప్ ఉన్నంత కాలమే రాయితీ. జీపీఏ పడిపోయి స్కాలర్‌షిప్ పోతే, మరుసటి సెమిస్టర్ బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. చాలా ఇళ్లలో కంగారు పుట్టేది సరిగ్గా అప్పుడే.

అందుకని మీ అబ్బాయి యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి మూడు ప్రశ్నలు అడగాలి. ఫై థీటా కాప్పా ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్‌కి ఎఫ్-1 విద్యార్థులు అర్హులేనా? దానితోపాటు నాన్-రెసిడెంట్ ట్యూషన్ మినహాయింపు (పైన చెప్పిన స్థానికుల ఫీజు వెసులుబాటు) వస్తుందా? రెండో ఏడాది కూడా కొనసాగాలంటే జీపీఏ ఎంత ఉండాలి, సెమిస్టర్‌కి ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలి? ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు. రాతపూర్వకంగా వచ్చిన జవాబును దాచిపెట్టుకోవాలి. మూడింటికీ అనుకూలమైన జవాబు ఒక్క యూనివర్సిటీ నుంచి వచ్చినా 85 డాలర్లు కట్టేయండి, ఇంకేం ఆలోచించనక్కర్లేదు.

తేదీల విషయంలో కూడా చాలామంది దెబ్బతింటారు. ‘చివరి సెమిస్టర్‌లో చేరదాంలే’ అనుకుంటారు, ఈలోగా స్కాలర్‌షిప్ గడువు దాటిపోతుంది. ఫాల్‌లో (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్‌లో) చేరబోయే ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది. దరఖాస్తు నాటికే సభ్యత్వ రుజువు అడుగుతారు. కొన్ని యూనివర్సిటీలు ఫాల్‌లో చేరేవాళ్లకే ఇస్తాయి, స్ప్రింగ్‌లో (జనవరి ప్రాంతంలో) చేరితే ఇవ్వవు. కమ్యూనిటీ కాలేజీ నుంచి నేరుగా రావాలని, మధ్యలో ఇంకో నాలుగేళ్ల కాలేజీలో చదివి ఉండకూడదని షరతు పెట్టేవీ ఉన్నాయి. అడ్మిషన్ దరఖాస్తు నింపితే స్కాలర్‌షిప్‌కి కూడా పరిశీలిస్తారని అనుకోవద్దు, చాలాచోట్ల దానికి వేరే ఫారం ఉంటుంది. చేరేటప్పుడు పేరు పాస్‌పోర్ట్‌లో, కాలేజీ రికార్డులో ఉన్నట్టే ఇవ్వాలి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక పడి రుజువు సరిపోలక ఫైలు ఆగిపోవడం మామూలే.

కేంద్ర సంస్థ కూడా సొంతంగా స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. వాటికి దేశమంతటా పోటీ ఉంటుంది కాబట్టి వస్తే మంచిదే, వాటినే నమ్ముకుని లెక్కలు వేసుకోవద్దు. కొన్నింటికి పౌరసత్వ షరతు ఉండొచ్చు, వ్యాసాలు రాయడం మొదలుపెట్టే ముందే అది చూసుకోవాలి.

సరే, వెతికితే ఏ యూనివర్సిటీలోనూ దీని పేరు కనిపించలేదనుకుందాం. అప్పుడు చేరాలా వద్దా అన్నది వాడు అక్కడ పని చేస్తాడా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చురుగ్గా ఉన్న చాప్టర్‌లో నిజంగానే నేర్చుకోవడానికి ఉంటుంది. ‘ఆనర్స్ ఇన్ యాక్షన్’ అని ఒక ప్రాజెక్టు చేస్తారు. ఒక పరిశోధన ప్రశ్న ఎంచుకుని, ప్రామాణికమైన వ్యాసాలు చదివి, తేలినదాన్ని బట్టి కాలేజీలోనో ఊళ్లోనో ఒక పని చేసి చూపించి, దాని మీద నివేదిక రాయాలి. ఇంటర్‌లో ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీపట్టి వచ్చిన పిల్లలకు ఇలా మూలాలు వెతకడం, పదిమందితో కలిసి ఒక పని పూర్తి చేయడం కొత్త. ట్రాన్స్‌ఫర్ వ్యాసంలో రాసుకోవడానికి, సిఫార్సు లేఖ ఇవ్వగలిగినంతగా ఒక అధ్యాపకుడికి దగ్గర కావడానికి ఇది దారి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: బాధ్యత తీసుకోని సభ్యత్వానికి స్కాలర్‌షిప్ కూడా లేకపోతే ఆ డబ్బు దండగే.

రెజ్యూమేలో తేడా ఎలా కనిపిస్తుందో చూడండి. ‘ఫై థీటా కాప్పా సభ్యుడు’ అని ఒక వరుస రాస్తే చదివేవాళ్ల కన్ను దాని మీద ఆగదు. ‘చాప్టర్ కోశాధికారి. కాలేజీ ఫుడ్ ప్యాంట్రీకి 12 మంది వాలంటీర్లతో వారానికి రెండు షిఫ్టులు నడిపాను. సరుకుల లెక్క కాగితం మీద నుంచి స్ప్రెడ్‌షీట్‌లోకి మార్చాను’ అని రాస్తే, అడ్మిషన్ ఆఫీసులో చదివే మనిషికి వాడేం చేశాడో తెలుస్తుంది. జీతం లేని స్వచ్ఛంద సేవకు సాధారణంగా ఎఫ్-1తో ఇబ్బంది ఉండదు. కానీ ఆఫీసు బేరర్లకు కాలేజీ భత్యం లాంటిదేమైనా ఇస్తుంటే, తీసుకునే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒక మాట అడగాలి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ సొసైటీ ఎంత మంచిదైనా కోర్సుల ఎంపిక కంటే ముఖ్యం కాదు. కంప్యూటర్ సైన్స్‌కి మారాలంటే టెక్సస్ కాలేజీల్లో మ్యాథ్ 2413, ఆ తర్వాత 2414 కావాలి. అవే ఇంజనీరింగ్, సైన్స్ వాళ్లు చదివే క్యాల్‌క్యులస్. మ్యాథ్ 1325 కూడా క్యాల్‌క్యులస్సే కానీ బిజినెస్ వాళ్లది. సులువుగా ‘ఏ’ గ్రేడు వస్తుందని అది తీసుకున్న పిల్లలు జీపీఏ నిలబెట్టుకుని, ఆనర్ సొసైటీలో చేరి, చివరికి మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) సీటు దగ్గర ఆగిపోతారు. మళ్లీ 2413 చదవాలంటే ఒక సెమిస్టర్, దాని ఫీజు, జీవన ఖర్చు అన్నీ అదనం. రెండో క్యాల్‌క్యులస్ (2414), ఫిజిక్స్ 2425 ఒకే సెమిస్టర్‌లో పడితే ఆ నాలుగు నెలలు చాప్టర్ పదవి తీసుకోవద్దని చెప్పండి. చేతిలో పని ఎక్కువైందని ఒక కోర్సు వదిలేసి 12 క్రెడిట్ల కిందికి వెళితే ఎఫ్-1కే ముప్పు.

మీ బంధువుల పిల్లలు కాలిఫోర్నియాలో ఉంటే ఈ లెక్క మారుతుంది. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు మారేవాళ్లకు ఆనర్ సొసైటీ కంటే కాలేజీలోని ఆనర్స్ ప్రోగ్రామ్ ముఖ్యం. పేర్లు దగ్గరగా ఉండి చాలామంది ఒకటే అనుకుంటారు. సొసైటీ అంటే సభ్యత్వం, ప్రోగ్రామ్ అంటే ప్రత్యేక కోర్సులు. యూసీఎల్‌ఏతో (ఆ యూనివర్సిటీ లాస్ ఏంజెలిస్ క్యాంపస్‌తో) ఒప్పందం ఉన్న కమ్యూనిటీ కాలేజీలో ఆ ప్రోగ్రామ్ పూర్తి చేసినవాళ్ల దరఖాస్తుకు యూసీఎల్‌ఏ ప్రాధాన్యం ఇస్తుంది. డేవిస్, అర్వైన్ లాంటి ఆరు క్యాంపస్‌లు ముందే సీటు హామీ ఇచ్చే ఒప్పందంలో చూసేది కోర్సులు, గ్రేడ్లే.

అమెరికాలోనే తల్లిదండ్రులతో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న తెలుగు పిల్లలకు పెల్ గ్రాంట్ లాంటి ఫెడరల్ సాయం అందదు, కాబట్టి యూనివర్సిటీ సొంతంగా ఇచ్చే ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్‌లు వాళ్లకు మరీ అవసరం. వాళ్లు కూడా ఇదే పద్ధతిలో వెతకొచ్చు.

ఇక మీ అబ్బాయికి వచ్చిన ఈమెయిల్‌లో ‘గడువు దగ్గరపడింది’ అని ఉంటే కంగారు పడి వెంటనే కట్టేయనక్కర్లేదు. జీపీఏ 3.5 తగ్గకుండా ఉంటే వచ్చే సెమిస్టర్‌లోనూ మామూలుగా మళ్లీ పిలుస్తారు. చూసుకోవాల్సింది యూనివర్సిటీ స్కాలర్‌షిప్ గడువు. దానికి కనీసం రెండు మూడు నెలల ముందే సభ్యత్వం చేతిలో ఉండేలా లెక్కేసుకోండి. ఫీజు భారమైతే చాప్టర్ సలహాదారుని అడగమనండి, కొన్ని కాలేజీలు తమ నిధి నుంచి కట్టేస్తాయి. గ్రాడ్యుయేషన్ రోజున వేసుకునే బంగారు రంగు కండువాకు, తాళ్లకు వేరే డబ్బు అడుగుతారు. కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం, స్కాలర్‌షిప్‌కీ దానికీ సంబంధం లేదు.