కోక్ లేని కొలిమి ఎంత దూరంలో ఉంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా ఒకే భయం కనిపించింది. సోలార్, హైడ్రోజన్ అంటూ అందరూ మాట్లాడుతున్నారు, మరి ఉక్కు, సిమెంటు లాంటి పెద్ద ఫ్యాక్టరీల సంగతేంటి, అక్కడ పనిచేసేవాళ్ల సంగతేంటి అని. అందుకని ఈ పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: విశాఖ స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లలో చాలా ఏళ్లుగా కాంట్రాక్టు పని చేస్తున్నాను. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ వస్తోందని, ఇక ఉక్కు దాంతోనే తీస్తారని, బొగ్గు పని ఉండదని మావాళ్లు టెన్షన్ పడుతున్నారు. మా పనులు పోతాయా?
— గాజువాక నుంచి ఒక పాఠకుడు

రేపో ఎల్లుండో పోవండి. అలాగని ఎప్పటికీ ఇలాగే ఉంటుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కరెంటు తయారీలో బొగ్గు పని మంట పెట్టడమే. ఆ మంట బదులు ఎండ, గాలి వాడుకోవచ్చు. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులో అలా కుదరదు. బైలదిల నుంచి వచ్చే ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంటుంది, ఆ ఆక్సిజన్‌ను లాక్కునేది కోక్‌లోని, అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గులోని కార్బనే. లాక్కున్నాక అది కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. అంటే పొగ రావడం మీ ప్లాంటు తప్పు కాదు, ఆ పద్ధతిలోనే అది ఉంది. టన్ను ఉక్కుకు మన దేశ సగటు దాదాపు రెండున్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్. పైగా ఫర్నేసులో పైనుంచి పడే ఖనిజం బరువంతా పందిరి గుంజలా మోసేది కూడా కోక్ ముక్కలే, వాటి సందుల్లోంచే వేడిగాలి పైకి పోతుంది. అందుకే ఇప్పుడున్న ఫర్నేసులోకి హైడ్రోజన్ పంపినా కోక్ కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2023 ఏప్రిల్‌లో ఒక ఫర్నేసులోకి హైడ్రోజన్ పంపి చూసింది, అక్కడా కోక్ వాడకం ఆగలేదు.

కోక్ పూర్తిగా పోవాలంటే ఫర్నేసునే మార్చాలి. ఖనిజాన్ని కరిగించకుండా హైడ్రోజన్‌తో స్పాంజ్ ఐరన్‌గా మార్చి, దాన్ని ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేసులో కరిగించాలి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ బదులు నీటి ఆవిరి వస్తుంది. స్వీడన్‌లోని లూలియోలో 2021లో ఇలా చేసి చూపించారు, అందులో అనుమానం లేదు. చిక్కంతా కరెంటు దగ్గర వస్తోంది, గ్రీన్ హైడ్రోజన్ అంటే ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసేదే కదా. టన్ను ఉక్కుకు 50 కిలోలకు పైగా హైడ్రోజన్ కావాలి, కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైనే కరెంటు కావాలి, ఆపైన ఆర్క్ ఫర్నేసు వాడుకునేది వేరే. అంతా కలిపితే టన్నుకు 3,500 యూనిట్ల దాకా తేలుతుంది, నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఏడాదిన్నర కరెంటు అది. విశాఖ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. అంతా ఈ పద్ధతిలో చేయాలంటే కర్నూలు దగ్గర ఉన్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటివి పన్నెండు దాకా కావాలి, అవి కూడా రాత్రిళ్లు నడిచేలా నిల్వ ఏర్పాట్లతో సహా.

ఇక పూడిమడక. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. పూర్తిగా నడిచిన రోజున కూడా మీ ప్లాంటు ఒక్కదానికే అందులో మూడింట రెండొంతులకు పైగా కావాల్సి వస్తుంది. కానీ దాన్ని తలపెట్టింది ఎక్కువగా ఎగుమతి కోసం, మిథనాల్ లాంటి ఉత్పత్తుల కోసం. పక్కనే ఉంది కదా అని పైపు వేసి మీకు ఇచ్చేస్తారని అనుకోవద్దు, రాదనీ అనుకోవద్దు. అది ఎవరో ఒకరు గట్టిగా అడిగితేనే తేలే విషయం.

మీరు కళ్లు పెట్టి చూడాల్సిన తేదీ ఇంకొకటి ఉంది. బ్లాస్ట్ ఫర్నేసు లోపలి ఇటుక పదిహేను, ఇరవై ఏళ్లకు అరిగిపోతుంది, అప్పుడు క్యాపిటల్ రిపేరు తప్పదు. మీ ప్లాంటులోని మూడు ఫర్నేసుల్లో అన్నపూర్ణ మొదలైంది 2012లో, గోదావరి, కృష్ణలకు పెద్ద రిపేర్లు ఆ తర్వాతి ఏళ్లలో జరిగాయి. అంటే 2030కి అటూ ఇటూగా మొదలై ఒక్కొక్కటీ మళ్లీ రిపేరుకు వస్తాయి. అప్పుడు వందల కోట్లు పోసి అదే ఫర్నేసును మరో ఇరవై ఏళ్లకు సిద్ధం చేస్తారా, వేరే దారి పడతారా? నా దృష్టిలో మీ భవిష్యత్తు తేలేది ఆ నిర్ణయంలోనే. అది తీసుకునేనాటికి కార్మికులు గదిలో ఉండాలి, గేటు బయట కాదు.

ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో ఉన్న టాటా స్టీల్ ప్లాంటు చూడండి. అక్కడి చివరి బ్లాస్ట్ ఫర్నేసును 2024 సెప్టెంబరు 30న ఆర్పేశారు. ఆర్క్ ఫర్నేసు పనులు మొదలైంది 2025లో, అది ఉక్కు ఇచ్చేసరికి ఇంకా రెండు మూడేళ్లు. ఈలోపు బయటి నుంచి స్లాబులు తెచ్చి రోలింగ్ చేస్తున్నారు, బ్రిటన్‌లో ఆ కంపెనీ ప్రకటించిన ఉద్యోగాల కోత 2,800 దాకా. పాతది ఆర్పడానికీ కొత్తది వెలిగించడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలోనే ఊరు దెబ్బతింటుంది. పర్మినెంటు వాళ్లకు ఏదో ఒక ప్యాకేజీ దొరుకుతుంది, మీలాంటి కాంట్రాక్టు వాళ్ల పేర్లు ఏ లెక్కలోనూ ఉండవు. ముందు ఆ పేర్లు రాయించండి: ఎవరు, ఏ విభాగంలో, ఎన్నేళ్ల నుంచి, ఏ పనిలో. యూనియన్ అడగాల్సిన మొదటి కాగితం అదేనని నేను నమ్ముతున్నాను.

ఇంకొక్క మాట. మీరు పనిచేసే చోట ఓవెన్ నుంచి తోసిన ఎర్రటి కోక్‌ను నీళ్లు పోసి చల్లార్చరు, మూసిన గదిలో నైట్రోజన్ తిప్పి చల్లారుస్తారు, ఆ వేడితో ఆవిరి తీసి కరెంటు చేస్తారు. దేశంలో ఈ ఏర్పాటు మొదట పెట్టుకున్న ప్లాంటు మీదే. సొంత ఇనుప ఖనిజం గనులు లేకుండా, అప్పుల్లో నలుగుతూ కూడా ఇలాంటివి నడిపిన మనుషులకు కొత్త ఫర్నేసు నేర్చుకోవడం చేతకాదంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: మా సిమెంటు ఫ్యాక్టరీలో సోలార్ పెట్టారు, చిమ్నీ వేడితో కరెంటు తీసే ప్లాంటూ పెట్టారు. అయినా కార్బన్ తగ్గలేదంటున్నారు. ఎందుకని?
— హుజూర్‌నగర్ దగ్గరి నుంచి

రాయిలోనే ఉంది కాబట్టి. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. రాయిని కాల్చే కొలిమిని, అదే కిల్న్‌ను, సూర్యుడితోనే వేడి చేసినా ఆ 44 తగ్గదు. సిమెంటు ఫ్యాక్టరీ వదిలే దాంట్లో సగానికి పైగా ఇదే.

అందుకే సున్నపురాయిని కాల్చి తీసే క్లింకర్‌ను సిమెంటులో తగ్గించడమే అసలు పని. థర్మల్ కేంద్రాల బూడిద (ఫ్లై యాష్), బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్ కలిపేది అందుకే. ఇక్కడ చాలామంది పట్టించుకోని ముడి ఒకటుంది. థర్మల్ కేంద్రాలు తగ్గుతూ పోతే బూడిద తగ్గుతుంది, ఉక్కు హైడ్రోజన్ దారి పడితే ఆ రకం స్లాగ్ కూడా రాదు. అప్పుడు సిమెంటుకు వేరే పదార్థం వెతుక్కోవాలి. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను సగానికి తెచ్చే ఎల్‌సీ3 సిమెంటుకు మన బీఐఎస్ 2023లోనే ప్రమాణం ఇచ్చింది. మీ ఫ్యాక్టరీ దాని గురించి ఆలోచిస్తోందా అని అడగండి. సోలార్ ప్యానెళ్ల ఫొటోల కన్నా ఆ జవాబే ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: జీడిమెట్లలో బోల్టులు, నట్లు చేసి జర్మనీకి పంపుతాం. టన్నుకు ఎంత కార్బన్ అని అక్కడి కొనుగోలుదారు ఫారం పంపాడు. షెడ్డు మీద సోలార్ పెట్టుకున్నాం, అదే రాస్తే చాలా?
— ఒక చిన్న పరిశ్రమ యజమాని

చాలదండి, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను, అదే సీబ్యామ్, 2023 అక్టోబరు నుంచి లెక్కలు అడిగింది, 2026 జనవరి 1 నుంచి డబ్బు లెక్క మొదలైంది. ఇనుము, ఉక్కు విషయంలో అది ప్రస్తుతం చూసేది నేరుగా వెలువడే కార్బన్‌నే, మీరు వాడిన కరెంటుది కాదు. మీ సోలార్ కరెంటు బిల్లుకు మంచిదే, ఈ ఫారంలో మాత్రం అక్కరకు రాదు. మీ బోల్టుల్లో ఉన్న కార్బన్ దాదాపు అంతా మీరు కొన్న వైర్ రాడ్‌లోనే ఉంది. అది బ్లాస్ట్ ఫర్నేసు ఉక్కా, తుక్కు కరిగించి తీసిన ఉక్కా అన్నదే తేడా, ఆ తేడా కొన్ని రెట్లు ఉంటుంది. కాబట్టి రాడ్ అమ్మినవాళ్ల దగ్గర మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటు ఉద్గారాల లెక్క కూడా అడిగి తీసుకోండి. లెక్క చూపకపోతే వాళ్లే ఒక అంకె వేసుకుంటారు, అది మీకు నష్టంగానే ఉంటుంది. దిగుమతిదారు ఏడాది మొత్తం తెచ్చుకునే సీబ్యామ్ సరుకులన్నీ కలిపి 50 టన్నులు దాటకపోతే మినహాయింపు ఉంది, అదీ కనుక్కోండి.

ప్రశ్న: ఉక్కుకు బొగ్గు వాడకం ఆగితే సింగరేణి మూతపడుతుందా?
— కొత్తగూడెం

ఉక్కు వల్ల కాదు. కోక్ చేయాలంటే వేడికి మెత్తబడి ముద్దకట్టే బొగ్గు కావాలి, సింగరేణిది ఆ రకం కాదు, విశాఖకు అది ఎక్కువగా విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. మీ బొగ్గులో ఎక్కువ భాగం పోయేది థర్మల్ కేంద్రాలకు, సింగరేణి రేపటి సంగతి వాటితోనే ముడిపడి ఉంది.

కానీ మీ పక్కనే ఒక చరిత్ర ఉంది. ఖనిజాన్ని కరిగించకుండా ఆక్సిజన్ తీసేసే పని దేశంలో మొదట జరిగింది పాల్వంచ స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో, 1980లో, అదీ కోకింగ్ కాని బొగ్గుతో. ఇవాళ ప్రపంచం హైడ్రోజన్‌తో చేస్తున్నది ఆ మార్గానికి కొనసాగింపే. ఆ అనుభవం అక్కడి పాతతరం మనుషుల్లో ఇంకా ఉంది, ఎవరైనా వెళ్లి రాసిపెడితే బాగుండు.

ప్రశ్న: పొగ వదిలి బాగుపడింది ధనిక దేశాల వాళ్లు, ఖర్చు మనకా?
— గుంటూరు

మీ కోపం న్యాయమైనదే. కార్బన్‌ను నికరంగా సున్నాకు తేవడానికి గడువు మనకు 2070 దాకా ఉన్నది కూడా ఆ న్యాయం వల్లే. పైగా అంత డబ్బున్న వాళ్లూ తడబడుతున్నారు. జర్మనీలో ఆర్సెలర్ మిత్తల్ వంద కోట్ల యూరోలకు పైగా ప్రభుత్వ సాయం ఇస్తామన్నా 2025 జూన్‌లో హైడ్రోజన్ ఉక్కు ప్రణాళిక వదిలేసుకుంది, కరెంటు ధర గిట్టుబాటు కాక. చౌక ఎండ మన దగ్గర ఉంది, ఆ ఒక్క విషయంలో మనకు వాళ్లకన్నా మొగ్గు ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి మెటలర్జీ డిప్లొమాలో చేరతానంటున్నాడు. ఉక్కు పని అయిపోతుందని చుట్టాలు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
— అనకాపల్లి నుంచి ఒక తల్లి

చేర్పించండమ్మా. దేశం 2030 నాటికి ఉక్కు సామర్థ్యాన్ని 30 కోట్ల టన్నులకు పెంచాలనుకుంటోంది, మీ జిల్లాలోనే నక్కపల్లి దగ్గర కొత్త ప్లాంటు తలపెట్టారు. ఉక్కు ఎక్కడికీ పోదు, తీసే పద్ధతి మారుతుంది.

అయితే బాబు బ్లాస్ట్ ఫర్నేసు ఒక్కటే నేర్చుకుని ఊరుకోకూడదు. గరివిడి, బొబ్బిలి వైపు ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు చేసే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీల్లో ఫర్నేసులు కరెంటు మీదే నడుస్తాయి. కరెంటు రేటు పెరిగినప్పుడు అవి ఎలా మూతపడతాయో, కార్మికులు ఎలా రోడ్డున పడతారో ఆ ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు. ఇండస్ట్రియల్ ట్రైనింగ్ వచ్చినప్పుడు పెద్ద ప్లాంటు పేరు చూసి ఎగబడకుండా అలాంటి ఫర్నేసు దగ్గర కొన్నాళ్లు ఉండమనండి. ఎలక్ట్రోడు ఎలా దింపుతారు, లోడు ఎలా చూస్తారు, తుక్కులో రాగి కలిస్తే ఉక్కు ఎందుకు చెడుతుంది, ఇవి చేత్తో చేసి నేర్చుకోవాల్సినవి. ఎలక్ట్రికల్ సబ్జెక్టు అదనంగా చదివే వీలుంటే వదులుకోవద్దని చెప్పండి. చేరేముందు కాలేజీలో ఒక్క విషయం అడగండి: ఆర్క్ ఫర్నేసు ఉన్న చోటికి ట్రైనింగ్‌కు పంపుతారా, లేదా?