ఉర్లగడ్డా, గెనుసుగడ్డా?

ప్రశ్న: మా ఇంటాయనకు షుగర్ ఉంది. ఉర్లగడ్డ మానేసి గెనుసుగడ్డలు ఎన్నైనా తినొచ్చని అందరూ చెబుతున్నారు. ఉడికించాక దేంట్లో ఏముంటుందో చెప్పండి.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ ‘ఎన్నైనా’తోనే చిక్కమ్మా. పొట్టుతో ఉడికించి ఒలిచిన ఉర్లగడ్డ 100 గ్రాముల్లో సుమారు 87 కేలరీలు, 20 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. పొట్టు తీసి ఉడికించిన గెనుసుగడ్డలో 76 కేలరీలు, 18 గ్రాములు. పీచు గెనుసుగడ్డలో 2.5 గ్రాములు, ఉర్లగడ్డలో 2 గ్రాముల లోపు. విటమిన్ సి రెండింట్లోనూ 13 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పొటాషియం మాత్రం ఉర్లగడ్డలోనే ఎక్కువ: 380 మిల్లీగ్రాములు, గెనుసుగడ్డలో 230.

అంటే రెండింటినీ కూరగాయల్లో కాదు, అన్నం లెక్కలో వేసుకోవాలి. ఉడికిన గెనుసుగడ్డ 150 గ్రాములు తింటే 100 గ్రాముల అన్నం తిన్నట్టే. ఆ పూట అన్నమో సంగటో అంత తగ్గించండి. షుగర్ ఉన్నవాళ్లకు మామూలుగా దెబ్బకొట్టేది అన్నంలోకి ఉర్లగడ్డ వేపుడు: పిండి మీద పిండి, పైన నూనె.

గెనుసుగడ్డకు పేరు తెచ్చింది విటమిన్ ఎ. అది లోపలి కండ నారింజ రంగులో ఉంటేనే. పైతోలు ఎంత ఎర్రగా ఉన్నా కోస్తే తెల్లగా కనిపించే గడ్డలో అది దాదాపు ఉండదు. నారింజ రకమైతే ఒక చెంచా వేరుశనగ నూనెతో తాలింపు వేయండి, ఒంటికి బాగా పడుతుంది.

వండే తీరుతో ఇంకా తేడా వస్తుంది. గెనుసుగడ్డ మెల్లగా వేడెక్కేటప్పుడు అందులోని ఎంజైము పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. నిప్పుల్లో కాల్చిన గడ్డ అంత తియ్యగా ఉండేది అందుకే. ఉడికించినదానికంటే అది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. శివరాత్రికి చేసినట్టు ఉడికించడమే మీకు మేలు. ఒకే సైజు గడ్డలు ఏరి, పొట్టుతోనే చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చితికి నడుమ గట్టిగా ఉండిపోతుంది. ముక్కలు కోసి ఉడికిస్తే విటమిన్ సి, పొటాషియం నీళ్లలోకి దిగిపోతాయి.

తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో ఒకసారి చూడండి. ఎంత తింటే ఎంత పెరుగుతుందో ఆయన ఒళ్లే చెబుతుంది. మాత్రలు మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: ఉడికించిన గెనుసుగడ్డ లోపల నల్లగా, చేదుగా ఉంది. నల్లది తీసేసి తినొచ్చా?
– ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు: వద్దు, మొత్తం పారేయండి. ముక్కు పురుగు తొలిచిన గడ్డ అది. పురుగును తట్టుకోవడానికి గడ్డ తయారుచేసుకునే చేదు పదార్థాలు నల్లమచ్చ దాటి పాకుతాయి, ఉడికించినా పోవు. కొనేటప్పుడే తొడిమ వైపు సన్నటి బెజ్జాలున్నాయేమో చూడండి. పచ్చి గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చలికి నడుమ బిగుసుకుపోయి ఎంత ఉడికించినా మెత్తబడవు. గాలి తగిలే గంపలో, నీడన ఉంచండి.