బావమరిది గది ఉందని మూడు రూపాయల మిత్తికి దుబాయ్ పంపవచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. నేను బీడీలు చుడతాను, మా ఆయన ఇళ్లకు వైరింగ్ చేస్తారు; చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. షార్జాలో ఉన్న మా అన్న తన గదిలో ఉంచుకొని పని చూపిస్తానంటున్నాడు. విజిట్ వీసాకు ఏజెంటు 1,80,000 అడుగుతున్నాడు. మా దగ్గర 40,000 ఉన్నాయి. మిగతాది మూడు రూపాయల మిత్తికి తేవాలా, మహిళా సంఘం లోను తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఇదే లెక్కతో బయలుదేరే కుటుంబాలు మీ వైపు ఊరూరా ఉన్నాయి కనుకనే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. అక్కడ మనవాళ్లున్నారు కదా, చేతిలో డబ్బు లేకపోయినా నెట్టుకురావచ్చు అనుకోవడమే వీరందరూ చేసే పొరపాటు.

మనవాళ్ల అండ చిన్నదని నేను అనను. ఏ కంపెనీ జీతాలు ఆపుతోందో, ఏ సైటులో ఎలక్ట్రీషియన్ కావాలో గదిలో ఉండేవారికి తెలిసినంతగా ఏజెంటుకు తెలియదు. అయితే ఆ గది మీ అన్న ఒక్కడిదే కాదు. పై మంచం, కింది మంచం వేసుకొని ఎనిమిదిమంది సర్దుకునే చోట మొదటి నెల మెస్సు లెక్కలో మీ ఆయన వాటా ఎవరూ అడగరు. రెండో నెల మీ అన్న కడతాడు. మూడో నెలకు మీ ఆయనే కంచం ముందు కూర్చోవడానికి మొహమాటపడతారు. ఇక్కడ నెలనెలా 4,200 రూపాయల మిత్తి మాత్రం మొహమాటపడదు.

కోరుట్ల వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక టైల్స్ మేస్త్రీ ఇలాగే వెళ్లి, అప్పు తరుముతుంటే ఇరవయ్యో రోజునే 800 దిర్హాముల క్లీనింగ్ పనికి రెండేళ్ల ఒప్పందం రాసిచ్చారు. మరో రెండు వారాలకు గదిలోని మిత్రుడే 1,400 దిర్హాముల టైల్స్ పని తెచ్చాడు, అప్పటికే ఆయన చేతులు కట్టేసుకున్నారు. మనిషి సాయం సమయానికే అందింది. ఆ రెండు వారాలు ఆగడానికి కావలసిన డబ్బే లేదు. అందుకే అత్యవసర నిధి గురించి ప్రతి వారం విసిగిస్తూ ఉంటాను.

మీ ఇంటికి నెలకు 12,000 అనుకుంటే మూడు నెలలకు 36,000, అక్కడి తిండికీ పడకకూ 1,000 దిర్హాములు అంటే సుమారు 24,000, తిరుగు టికెట్టుకు 15,000, వెరసి 75,000 రూపాయలు మీ పేరున బ్యాంకులో కనిపించేదాకా ప్రయాణం మాట ఎత్తవద్దు.

విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ నేరం. గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు, అంటే ఇంచుమించు 1,200 రూపాయల జరిమానా పడుతుంది. నేరానికి వడ్డీ కట్టి మరీ టికెట్టు కొనుక్కోవడమేమిటో నాకు అర్థం కాదు. పైగా పదో తరగతి లేని మీ ఆయన ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో, అంటే విదేశాల్లో పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో, ఉద్యోగ వీసా మీద వెళితే, రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసాపై వెళితే అదీ లేదు.

రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000, దానిపై జీఎస్టీతో కలిపి 35,400 రూపాయలే. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది, అందులోనూ పేరు నమోదు చేయించండి. నిధి, రుసుము కలిపి, మీ దగ్గరున్న 40,000 తీసేస్తే మీకు ఇంకా కావలసింది సుమారు 70,000. మిత్తికి కట్టడానికి సిద్ధపడిన 4,200కు ఇంకో 2,800 కలిపి మీకు మీరే కట్టుకుంటే పది నెలల్లో అది చేరుతుంది. ఆలోగా ఆయన నిర్మాణ పనులు నేర్పే సంస్థ న్యాక్‌లో ఎలక్ట్రికల్ శిక్షణ పొంది సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి, సైటులో మాట్లాడుకునేంత హిందీ నేర్చుకోవాలి. కాగితం లేని పనివాడిని అక్కడ హెల్పరుగానే రాసుకుంటారు.

సంఘం లోను మిత్తి తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మీ వాయిదా తప్పితే కట్టవలసింది తోటి పదిమంది మహిళలు. ఆయన దూరాన ఉన్నప్పుడు పిల్లవాడికి జ్వరం వస్తే తోడు వచ్చేది కూడా వాళ్లే. ఆ అండను వీసాకు తాకట్టు పెట్టకండి. బంగారం మీద అప్పు, చిట్టీ ముందుగా ఎత్తడం కూడా ఈ పనికి వద్దు.

ఉద్యోగంలో చేరాక అక్కడి నిరుద్యోగ బీమా తప్పనిసరి. మీ ఆయన జీతానికి నెలకు 5 దిర్హాములు. పన్నెండు నెలలు కట్టాక కంపెనీ తీసేస్తే, మూడు నెలల వరకు మూలవేతనంలో 60 శాతం ఇస్తారు. కాబట్టి మొదటి ఏడాదికి ఆధారం మీ 75,000 మాత్రమే. వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు నకళ్లతో పాటు ఆ ఖాతా ఏటీఎం కార్డు కూడా మీ దగ్గరే ఉంచుకోండి.