నడుంనొప్పి ఉంది.. ఏ బండి కొనమంటారు డాక్టర్?

ప్రశ్న: నా వయసు 38. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి రోజూ బైక్ మీదే ఆఫీసుకు వెళ్తాను. ఏడాదిగా నడుంనొప్పి. ఎమ్మారైలో నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ (మెత్తటి దిండు లాంటిది) కాస్త ఉబ్బినట్టు వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదు, మందులు, వ్యాయామం చాలన్నారు. పాత బండికి పదేళ్లు దాటాయి, కొత్తది కొనాలి. ఆఫీసుకే కాక, ఆదివారాలు నా భార్య, ఇద్దరు పిల్లలతో (ఏడేళ్లు, మూడేళ్లు) బయటికి వెళ్లడానికీ పనికిరావాలి. నాకు 350 సీసీ క్రూజర్ ఇష్టం. మా ఆవిడేమో స్కూటీ తీసుకోమంటోంది. నా నడుముకు ఏది మంచిది?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డిస్క్ ఉబ్బిందనగానే బండి పూర్తిగా మానేయాలేమోనని చాలామంది టెన్షన్ పడతారు. నొప్పి కాలిలోకి దిగకుండా నడుము వరకే ఉంటే సాధారణంగా ఆ అవసరం రాదు. బండి ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి.

మీకు ఇష్టమైన క్రూజర్ నేను వద్దంటాను. కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి గతుకు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి కొంచెం పైకి లేవడం కష్టం. ఆ కుదుపంతా నేరుగా వెన్నుకే చేరుతుంది. బరువు ఇంకో సమస్య. 350 సీసీ బళ్లు చాలావరకు 180 నుంచి 195 కిలోలు ఉంటాయి. మామూలు 100, 125 సీసీ బళ్లు 110 నుంచి 125 కిలోలే. రోడ్డెక్కాక ఆ తేడా పెద్దగా తెలియదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు బళ్ల మధ్య ఇరుక్కున్నదాన్ని నడుం మెలితిప్పి వెనక్కి లాగినప్పుడు తెలుస్తుంది. 'పొద్దున బండి తీస్తుంటే పట్టేసింది డాక్టర్' అంటూ ఒక చేయి నడుం మీద వేసుకుని వచ్చేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను. ముందుకు వంగి నడిపే స్పోర్ట్స్ బైక్ కూడా మీకు పనికిరాదు.

స్కూటీకి క్లచ్, గేర్ల బాధ లేదు. కానీ చక్రాలు చిన్నవి, 10 లేదా 12 అంగుళాలు. బైక్ చక్రాలు 17, 18 అంగుళాలు ఉంటాయి కాబట్టి గుంతల మీద కుదుపు తగ్గుతుంది. మీ దూరానికి హ్యాండిల్ ఎత్తుగా, సీటు వెడల్పుగా ఉన్న 125 సీసీ బైక్ మేలు. ఒకవేళ ఎడమచేతి బొటనవేలు, దాని పక్క వేళ్లు రాత్రిళ్లు తిమ్మిరెక్కుతుంటే చెప్పండి. అప్పుడు ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కడం మణికట్టుకు భారం. మీ ఆవిడ మాటే వినాల్సి వస్తుంది.

షోరూంలో బండెక్కి ఒక నిమిషంలో దిగేయకండి. పది నిమిషాలు కూర్చోండి. రెండు పాదాలూ నేలకు బాగా ఆనాలి, మోచేతులు కాస్త వంగి ఉండాలి, వీపు నిటారుగా నిలవాలి. వెనక మీ ఆవిడను కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒకసారి నడపండి. మెయిన్ స్టాండ్ కూడా మీరే వేసి చూడండి. చేతులతో బండిని పైకి లాగకూడదు, స్టాండ్ మీద కాలు పెట్టి ఒంటి బరువంతా దాని మీద వేయాలి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే ఉంచండి, ఎక్కువైతే ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది. వెనక జేబులో పర్సు, వీపున లాప్‌టాప్ బ్యాగు వద్దు. బ్యాగును వెనక సీటుకు కట్టేయండి.

ఇక ఆదివారం సంగతి. నలుగురూ ఒకే బండి మీద వెళ్లాలంటే ఏ బండీ సరిపోదు. నడిపేవారు కాక ఇంకొక్కరినే ఎక్కించుకోవాలని చట్టం. ట్యాంకు మీద కూర్చోబెట్టిన పిల్లాడు గట్టిగా బ్రేకు వేస్తే ముందుకెళ్లి హ్యాండిల్‌కు గుద్దుకుంటాడు. పగిలిన పెదవికి కుట్లు వేయించుకుంటూ ఏడ్చే పసివాణ్ని చూసిన ఎవరూ మళ్లీ అలా ఎక్కించరు. మీ చిన్నవారిని ఒక్కరినే తీసుకెళ్లినా, నాలుగేళ్లలోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి హెల్మెట్‌తో పాటు బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు తప్పనిసరి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. మీ ఏడేళ్ల బిడ్డకు సరిపోయే హెల్మెట్ కొనండి, మీది పెట్టి సరిపెట్టొద్దు. నలుగురూ వెళ్లేటప్పుడు ఆటోనో బస్సో మెట్రోనో ఎక్కండి.

మీ ఆవిడ రెండువైపులా కాళ్లు వేసి కూర్చుంటే ఇద్దరి నడుముకూ మంచిది. ఒకవైపు కూర్చుంటే ఆమె నడుం మెలిపడే ఉంటుంది, బ్యాలెన్స్ కోసం మీరూ బిగుసుకుపోతారు. శారీ గార్డ్ ఎట్టి పరిస్థితుల్లోనూ తీయించకండి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే జరిగేది చాలా ఘోరం.

మీకు ఇంకో వెసులుబాటు ఉంది. నాగోల్ - రాయదుర్గం మెట్రో లైన్‌లో ఉప్పల్, హైటెక్ సిటీ రెండు స్టేషన్లూ ఉన్నాయి, మధ్యలో రైలు మారే పని లేదు. వారంలో రెండు రోజులైనా అందులో వెళ్లండి. నొప్పి ఎక్కువగా ఉన్న వారం బండి అసలే తీయకండి.

నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందికి పాకినా, కాలు మొద్దుబారినా డాక్టర్ను కలవడం వాయిదా వేయొద్దు. పాదం పైకి లేవకుండా చెప్పు జారిపోతున్నా, మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా మర్నాటి దాకా ఆగకండి. ఎంత రాత్రయినా సరే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి, ఎమ్మారై రిపోర్టు వెంట తీసుకెళ్లండి.